సముద్రం పంపిన వంటిల్లు

“ఈ చెప్పు ఎవరిది?”

స్నానాల గదిలోంచి మా ఆయన కేకేశారు. అప్పుడు నా ఎదుట పొయ్యి మీద పాలున్నాయి, చేతిలో అమ్మాయి మధ్యాహ్నం తినే డబ్బా ఉంది, భుజానికీ చెవికీ మధ్య ఇరికించిన ఫోనులో ఎవరిదో పంటినొప్పి ఉంది. పాలు దించి, డబ్బాకి మూత పెట్టి, పంటినొప్పిని పదకొండింటికి క్లినిక్‌కి రమ్మని చెప్పి, వెళ్ళి చూశాను. ఆయన తువ్వాలు చుట్టుకుని, బకెట్లో నానుతున్న ఒంటి చెప్పుని తేరిపార చూస్తూ నిలబడ్డారు. నీలం రంగు రబ్బరు చెప్పు, ఎడమకాలిది. మడమ దగ్గర ఎవరో ఏళ్ళ తరబడి నడిచి చేసిన గుంట.

“సముద్రం ఒడ్డున దొరికింది,” అన్నాను.

“ఇంట్లో చెత్త బయట పారేసేవాళ్ళని చూశాను గానీ, బయట చెత్త ఇంటికి తెచ్చి తలంటు పోసేదాన్ని నిన్నే చూస్తున్నా,” అన్నారు.

మాట బాగుందని నాకే నవ్వొచ్చింది. బకెట్టుతో సహా చెప్పుని వెనక బాల్కనీలోకి మార్చాను. అక్కడ బట్టలుతికే మెషీను పక్కన అప్పటికే చాలా ఉన్నాయి: వలలకు కట్టే బెండ్లు, అరిగిన సీసా పెంకులు, ఒక బొమ్మ తలకాయ, తాళ్ళు, అడుగు ఊడిన పెనం, సముద్రం నమిలి ఉమ్మేసిన చెక్కలు. మా అమ్మాయి కాలేజీ స్నేహితురాళ్ళు వస్తున్నారంటే ముందురోజే చెప్పేది, “అమ్మా, ఆ తలకాయ మాత్రం దాచెయ్. కళ్ళు లేకపోయినా చూస్తున్నట్టే ఉంటుంది.”

ఇదంతా అత్తయ్య మోకాలితో మొదలైంది. ఆపరేషన్ అయ్యాక, రోజూ పొద్దున్నే సముద్రపు గాలికి నాలుగడుగులు నడిపించండి అన్నారు పెద్ద డాక్టరు. మా అందరివైపూ చూసే అన్నారు. కారెక్కేసరికి ఆ మాట నా ఒక్కదానిదే అయిపోయింది. ఎవరూ నన్ను అడగలేదు, నేను సరేననలేదు. మా ఇంట్లో పనులకి నా దగ్గరికి దారి తెలుసు, వాటంతటవే వచ్చేస్తాయి. మా ఆయన లిఫ్టులు తనిఖీ చేసే ఇంజినీరు. ఊళ్ళో ఎత్తైన మేడలన్నీ ఎక్కి దిగి వస్తారు కాబట్టి ఇంటికొచ్చాక కాలు కదపనక్కర్లేదని మా మధ్య రాసుకోని ఒప్పందం ఒకటి ఉంది. అమ్మాయికి చదువు. నేను పళ్ళ డాక్టరు క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుంటాను కాబట్టి, “రోజంతా కూర్చునే ఉంటావుగా, నీకూ నడక మంచిదే,” అన్నారు. ఆ కూర్చోవడంలో ఫోన్లు ఎత్తడం, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం, డాక్టరుగారి టీలో చక్కెర ఎంతో గుర్తుపెట్టుకోవడం, నాకు సంబంధం లేని చేపల తొట్టి కడగడం, డాక్టరుగారి భార్య పుట్టినరోజు ఆయనకి గుర్తుచెయ్యడం కూడా ఉన్నాయని నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెప్తే, “అవీ ఒక పనులేనా?” అంటారని తెలుసు.

అత్తయ్య నాలుగడుగులంటే నిజంగా నాలుగే వేసేది. ఆ తర్వాత సిమెంటు గట్టు మీద శాలువా సర్దుకుని కూర్చుని, “నువ్వు తిరిగి రా అమ్మాయ్, నేనిక్కడ గాలి తింటూ ఉంటా,” అనేది. అలా పెళ్ళయ్యాక మొదటిసారి నాకు రోజూ కాసింత ఖాళీ చిక్కింది. దాన్నేం చేసుకోవాలో తెలియక మొదట్లో ఆ ఖాళీలో సాయంత్రం కూర గురించి ఆలోచించేదాన్ని. ఎవరో పెద్ద గది ఇస్తే అందులో చీపురు పెట్టుకున్నట్టు.

ఒకరోజు తడి ఇసకలో సగం కూరుకుపోయి ఒక మూత కనిపించింది. గిన్నె మూత. పిడి చుట్టూ తెల్లటి గుల్లలు గుత్తులుగా పట్టి ఉన్నాయి. చేతిలోకి తీసుకుని చూస్తే, ఒక్కసారిగా దానిమీద ఈర్ష్య కలిగింది. ఎవరి వంటింట్లోనో ఎన్నేళ్ళు ఆవిరి మింగి మింగి, ఎవరు తెరిస్తే తెరుచుకుని, ఎవరు మూస్తే మూసుకుని, చివరికి ఏ పడవలోంచి జారిందో, ఏ వరదలో కొట్టుకుపోయిందో, ఇంత సముద్రం చూసి వచ్చింది. ఒంటి మీద పూలు పూయించుకుని మరీ వచ్చింది. నేను పెళ్ళయి ఈ ఊరు వచ్చాక ఊరి పొలిమేర దాటింది ఆస్పత్రి పనులకీ, చుట్టాల శుభాశుభాలకీ మాత్రమే. “నువ్వే నయమే తల్లీ,” అని పైకే అన్నాను. పక్కన పరుగెత్తుతున్న ఒకాయన చెవుల్లో తీగలు తీసి, నన్నేమైనా అన్నారా అని అడిగాడు.

ఆ మూతని ఇంటికి తెచ్చి, మా సొంత గిన్నెల్ని ఎప్పుడూ కడగనంత ప్రేమగా కడిగాను. గుల్లల మధ్య ఇసక తీయడానికి క్లినిక్‌లో పారేయబోతున్న పళ్ళ గార గీకే కొక్కేలు పనికొచ్చాయి. సన్నటి మొన, చక్కటి పట్టు. డాక్టరుగారు రోగుల నోట్లో తలదూర్చి అంత శ్రద్ధగా ఎందుకు గీకుతారో నాకప్పుడు తెలిసింది. అందులో ఒక సుఖం ఉంది. చుట్టూ ఎవరేం పిలుస్తున్నా వినబడదు. ఆ రోజు మా ఆయన టీ కోసం రెండుసార్లు పిలిచారట.

తర్వాత రోజూ ఏదో ఒకటి. అత్తయ్య మొదట్లో ముక్కు చిట్లించేది. “ఎవరెవరు తాకినవో, ఏ ఊరి మురికో. చేతులు కడుక్కోకుండా అన్నం గిన్నె ముట్టుకోకు.” కొన్నాళ్ళకి, గట్టు మీద కూర్చునే దూరంనుంచి వేలు చూపించడం మొదలెట్టింది. “అదిగో, ఆ ఎర్రటిదేంటో చూడు. అది కాదు, పక్కది. అబ్బా, నీ కళ్ళు!” ఒక పొద్దున ఇంటికొచ్చాక ఆవిడ శాలువా మడతపెడుతుంటే అందులోంచి ఒక దువ్వెన పడింది. సగం పళ్ళు లేవు, మిగతా సగంలో నాచు. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ గోడ వైపు చూసింది.

“కాళ్ళ కిందికే వచ్చింది, నేనేం వెతకలేదు,” అంది.

చెక్కల్ని తాళ్ళతో బిగించి బాల్కనీలో ఒక చట్రం లాంటిది కట్టాను, వస్తువులు నేలంతా పరుచుకోకుండా. ఒడ్డునే దొరికిన తుప్పుపట్టిన పొయ్యి బర్నరు మీద, తర్వాత దొరికిన సొట్టల కెటిల్ కుదురుగా కూర్చుందని అక్కడ పెట్టాను. పైచెక్కకి మూత, పెనం తగిలించాను. ఎక్కడిదో విరిగిన కుళాయి ఒకటి దొరికితే పక్క చెక్కకి బిగించాను. నేనేం చేస్తున్నానో నాకు తెలియదు, చేతులకి తెలుసు. ఒకరోజు అత్తయ్య కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, చాలాసేపు చూసి అంది:

“ఏంటమ్మాయ్, ఇక్కడ కూడా వంటిల్లే కట్టుకున్నావు!”

ఛెళ్ళుమంది నాకు. నిజమే. ఇంత సముద్రం చూసి, ఏదైనా కట్టుకోగలిగినదాన్ని, తెచ్చి తెచ్చి మళ్ళీ వంటిల్లే కట్టాను. పడవ కట్టొచ్చు, పక్షిని కట్టొచ్చు. ఆ చట్రం మొత్తం ఊడబీకేద్దామన్నంత కోపం వచ్చింది. మరుక్షణంలో దాన్నే చూస్తుంటే నవ్వాగలేదు. అడుగు లేని పెనం, ఎక్కణ్ణుంచీ నీళ్ళు రాని కుళాయి, నిప్పు అంటుకోని పొయ్యి.

“ఇందులో వండలేరు అత్తయ్యా. ఎవరు వచ్చి ఏం అడిగినా కుదరదు.”

“అయితే బాగుంది. ఓ కుర్చీ వెయ్యి, కూర్చుంటా.”

కుర్చీ వేశాను. అత్తయ్య ఆ వంటింట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ఒక వంటింట్లో ఊరికే కూర్చోగా నేను చూడటం అదే మొదటిసారి. “మీ మామయ్య అర్ధరాత్రి నలుగురిని వెంటబెట్టుకొచ్చేవాడు, పొయ్యి రాజెయ్యి అనేవాడు,” అంది ఉన్నట్టుండి. “ఇక్కడికి తీసుకురమ్మను, చూద్దాం.” ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆయన పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి తీసుకొచ్చే ప్రమాదం లేదు.

ఆ తర్వాతే రాయడం మొదలైంది. క్లినిక్‌లో పాత చిరునామాతో అచ్చయిన చీటీలు పెట్టెడు మిగిలిపోయాయి, ఒకవైపు చిరునామా, నవ్వుతున్న పన్ను బొమ్మ, రెండోవైపు ఖాళీ. రోగుల మధ్య ఖాళీ దొరికినప్పుడు, ఒక్కో వస్తువు ఏమంటుందో ఒక్కో చీటీ మీద రాసేదాన్ని. మూత అనేది: “గిన్నె ఏదని అందరూ అడుగుతున్నారు. నువ్వెలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు.” కుళాయి: “తిప్పకండి. నేను సెలవులో ఉన్నాను.” నీలం చెప్పు: “జత కోసం వెతకడం మానేశాను. ఒంటరిగా గెంతడంలో ఒక సరదా ఉంది.” దువ్వెన చీటీ మాత్రం అత్తయ్య స్వయంగా చెప్పి రాయించింది: “పళ్ళూడితే ఏమైంది, పని వచ్చు. అనుమానముంటే తల వంచు.”

ఒకరోజు పేటలోని లైబ్రరీ పెద్దావిడ పన్ను పూడ్పించుకోవడానికి వచ్చారు. మత్తు ఎక్కేదాకా నా ఎదుట కుర్చీలో కూర్చుని, చేతికి ఏదో ఒకటి చదువుకోవడానికి లేకపోతే తోచని మనిషి కాబట్టి, బల్ల మీద చీటీ తీసి చదివారు. సగం మొహంతో నవ్వారు. రెండో సగానికి అప్పటికే మత్తెక్కింది. ఇంకోటి అడిగారు. ఇంకోటి. డాక్టరుగారు పిలిస్తే, “ఒక్క నిమిషం,” అన్నారు తిరగని నాలుకతో. పన్ను పని అయ్యాక దూది కరుచుకునే నా దగ్గరికొచ్చి, “ఆ వస్తువులు ఎక్కడున్నాయి? నేను చూడాలి,” అని సైగలతోనూ మాటలతోనూ అడిగారు.

ఆ ఆదివారం లైబ్రరీ మేడమ్ మా ఇంటికి వచ్చారు. బాల్కనీలో అత్తయ్య లేచి కుర్చీ ఇస్తే, అందులో కూర్చుని, మూత నుంచి చెప్పు దాకా అన్నీ చూశారు, చీటీలన్నీ చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “మా లైబ్రరీ ముందు హాల్లో పెడదామండీ. జనం చూడాలి, చదవాలి. ఇలాంటిది నేను ఇంతకుముందు చూళ్ళేదు,” అన్నారు.

నాకేమనాలో తెలియలేదు. టీ కప్పుతో గుమ్మంలో నిలబడ్డ మా ఆయనకి తెలిసింది. “మేము దీనిమీద చాలా కాలంగా కష్టపడుతున్నామండీ,” అన్నారు.

మేము. ఆ మాట నా చెవిలో టప్పుమని పడింది. అందులో వెటకారం లేదు, అబద్ధం చెప్తున్నానన్న ఊహ కూడా ఆయనకి లేదు. అదే విచిత్రం. మేడమ్ వెళ్ళిన వెంటనే టేపు తెచ్చి చట్రం కొలతలు తీసుకున్నారు. ఎడమవైపు బరువు ఎక్కువైందన్నారు. కెటిల్ కాస్త జరిపితే చూపు బాగా కుదురుతుందన్నారు. ఫోనులో స్నేహితులకి చెప్తుంటే విన్నాను: “మన ఇంట్లో ఒక ప్రాజెక్టు నడుస్తోందిరా.” అమ్మాయి వచ్చి నా చెవిలో, “అమ్మా, నాన్న నీ బాల్కనీని తనిఖీ చేసేస్తున్నారు, సర్టిఫికెట్ ఇస్తారేమో,” అంది. ఆయన కెటిల్ ఎక్కడ పెట్టారో, ఆయన ఆఫీసుకి వెళ్ళగానే అక్కణ్ణుంచి తీసి మళ్ళీ యథాస్థానంలో పెట్టేదాన్ని.

క్లినిక్‌లోనూ అంతే. సంగతి తెలిసి డాక్టరుగారు సంబరపడ్డారు. “మా క్లినిక్ ఆర్టిస్టు!” అని రోగులకి పరిచయం చేశారు, వాళ్ళు నోళ్ళు తెరిచి ఉన్నారు కాబట్టి ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, “కొక్కేలు మనవే, చీటీలు మనవే కదా. పక్కన మన క్లినిక్ బోర్డు ఒకటి పెట్టిద్దాం. ప్రదర్శన అయ్యాక మన హాల్లో పెట్టేద్దాం, ఈ చేపల తొట్టి పక్కన,” అన్నారు.

చేపల తొట్టి పేరు ఎత్తకుండా ఉండాల్సింది.

“ఆ తొట్టి కడగడం ఎవరి పని డాక్టరుగారూ?” అని అడిగాను. నిజంగా తెలుసుకుందామనే అడిగాను, చేరిన రోజునుంచీ ఉన్న అనుమానం.

ఆయన తొట్టి వైపు, నా వైపు, మళ్ళీ తొట్టి వైపు చూశారు. “ఎవరో ఒకరు కడుగుతూనే ఉన్నారుగా?” అన్నారు.

“ఆ ఎవరో నేనే. ఇకనుంచి కడగను. ఆ వంటిల్లు కూడా ఇక్కడికి రాదు.”

నాకే ఆశ్చర్యమేసింది. కొన్నాళ్ళ తర్వాత నీళ్ళు పచ్చబడ్డప్పుడు డాక్టరుగారు చొక్కా చేతులు మడిచి, కొక్కెంతో అద్దం గీకుతూ కనిపించారు. ఏకాగ్రతగా, సుఖంగా ఉన్నారు. చేపలు మాత్రం కంగారు పడ్డాయి.

అసలు దెబ్బ పేపర్లో వచ్చింది. పన్ను పీకించుకోవడానికి వచ్చినాయన మడిచిన పేపరు నా ముందు పెట్టి, “ఈయన మీవారే కదండీ?” అన్నాడు. ఫోటోలో మా ఆయన ఇస్త్రీ చొక్కాలో, కెటిల్‌ని బహుమతి కప్పులా పట్టుకుని నవ్వుతున్నారు. పైన పెద్ద అక్షరాల్లో ‘చెత్తకు ప్రాణం పోసిన ఇంజినీరు’. కింద, సముద్రం చూస్తే తనకి ఎప్పుడూ ఏదో ఒక ఆలోచన వస్తుందని ఆయన చెప్పిన మాటలు. ఆఖరి వాక్యంలో నేనున్నాను: ‘ఈ కృషిలో తన శ్రీమతి సహకారం మరువలేనిదని ఆయన అన్నారు.’ ముందురోజు మధ్యాహ్నం, నేను క్లినిక్‌లో ఉండగా, ఎవరినో ఇంటికి పిలిచి మాట్లాడారన్నమాట. మరువలేని సహకారం! చదువుతుంటే చెవులు వేడెక్కాయి. చిన్నప్పుడు నా బొమ్మకి మా అన్నయ్య పేరు రాసి బళ్ళో ఇచ్చేస్తే కలిగిన ఏడుపులాంటిది ముంచుకొచ్చింది. ఆయన్ని దొంగ అని అనుకోవడానికి మనసు రాలేదు. దొంగకి అది తనది కాదని తెలుసు. ఈయనకి ఆ సంగతే తెలియదు. నా ఒంట్లో బాగాలేకపోతే “మా ఇంట్లో వంట ఆగిపోయింది” అని చెప్పుకున్నట్టే, నా చేతులు చేసింది ఆయన ఇంట్లో జరిగింది, అంతే.

ఆ సాయంత్రం ఆయన పేపర్లు పది కొనుక్కొచ్చారు. “చూశావా? నిన్ను కూడా వేయించాను,” అన్నారు సంతోషంగా.

“చూశాను. ఒక్క మాట అడగనా? చెత్తగా ఉన్నంతకాలం అది ‘నీ చెత్త’. మేడమ్ వచ్చి బాగుందన్న రోజునుంచి ‘మన కళ’ అయింది. మధ్యలో ఏం జరిగిందండీ?”

ఆయన నిజంగానే తికమకపడ్డారు. “నీది నాది అని ఏంటి కొత్తగా? మనం మనం ఒకటి కాదా?”

నేను సింకు వైపు చూశాను. పొద్దుటి నుంచి పేరుకుని ఉన్నాయి. “మన గిన్నెలు,” అన్నాను.

ఆయన పెద్దగా నవ్వారు, హాస్యమాడాననుకుని. నవ్వుతూనే ముందుగదిలోకి వెళ్ళి టీవీ పెట్టుకున్నారు. నేను గిన్నెలు తోమలేదు. మర్నాడు పొద్దున్న ఆయన కాఫీ కప్పు కోసం వెతికి, దొరక్క, సింకులోంచి ఒకటి తీసి ఒక్క కప్పే కడుక్కున్నారు. ఇన్నేళ్ళలో ఆయన కడిగిన మొదటి కప్పు అది, అందులో నేను కాఫీ పోసుకుని తాగేశాను. ఆయన ఇంకోటి కడుక్కున్నారు.

ప్రదర్శనలో వంటింటి పక్కన పెట్టే పేరు పలక మీద ఏం రాయాలని మేడమ్ ఫోన్ చేశారు. “మీవారు ఇద్దరి పేర్లూ కలిపి దంపతులని రాయమంటున్నారు. మిమ్మల్ని కూడా ఒకమాట అడుగుదామని,” అన్నారు మొహమాటంగా. నేను నా పేరు చెప్పాను. పుట్టినప్పుడు పెట్టిన పేరు, ముందూ వెనకా ఏమీ తగిలించకుండా. చాలాకాలం ఎవరూ పిలవక అది కూడా ఎక్కడో నీళ్ళలో పడి ఉన్నట్టుంది. చెప్పేటప్పుడు కాస్త ఉప్పగా తగిలింది.

ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. పిల్లలు కుళాయి తిప్పడానికి ఎగబడ్డారు, చీటీ చదివి పకపకా నవ్వారు. ఒక ముసలాయన మూత దగ్గర నిలబడి, చదివి, పక్కనున్న భార్యతో మెల్లిగా, “ఏమేవ్, ఎలా ఉన్నావ్?” అన్నాడు. “ఇప్పుడా అడిగేది?” అంది ఆవిడ. కానీ ఆయన చెయ్యి వదల్లేదు. వచ్చిన ఆడవాళ్ళలో చాలామంది చేసిన పని ఒక్కటే. వంటింటి మధ్యలో ఉన్న కుర్చీ ఖాళీ కాగానే వచ్చి కూర్చున్నారు. కొందరు వెంటనే లేచారు, ఏదో తప్పు చేసినట్టు. కొందరు కళ్ళు మూసుకున్నారు. ఆఫీసు సంచి భుజం మీదనుంచి దించకుండానే కూర్చున్న ఒకమ్మాయి, బయటినుంచి ఎవరో పిలుస్తుంటే, “కుదరదు, వంటింట్లో ఉన్నా!” అని అరిచింది. హాలంతా గొల్లుమంది.

అప్పుడు మా ఆయన మైకు అందుకున్నారు. మేడమ్ నన్ను పిలుద్దామని చెయ్యి చాచేలోపే. “మేము ఈ వంటింటిని ఎలా రూపొందించామంటే,” అని గొంతు సవరించుకున్నారు. “రోజూ తెల్లారుజామున సముద్రపు ఒడ్డున నడుస్తూ...”

“ఒరేయ్,” అంది ముందు వరసలోంచి అత్తయ్య. ఆవిడకి మైకు అక్కర్లేదు. “నువ్వెప్పుడొచ్చావురా సముద్రానికి?”

మా ఆయన మైకు పట్టుకుని అలాగే నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి. నాకు జాలేసింది, నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం లేచి ఏదో ఒకటి సర్దిచెప్దామని మోకాళ్ళు కదిలాయి కూడా. అలవాటు. పక్కనే ఉన్న అమ్మాయి నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. లేవద్దు అని. నేను లేవలేదు.

ఆయన వాళ్ళమ్మని చూశారు, వంటింటిని చూశారు, పక్కనున్న పలక వైపు తిరిగి, దానిమీద ఉన్న ఒక్క పేరూ చదివారు. తర్వాత, నేను అనుకోనిది జరిగింది. ఆయన నవ్వారు. సిగ్గుగా, పిల్లాడిలా. “రాలేదు,” అన్నారు మైకులో. “ఒక్కసారి కూడా రాలేదు. ఆవిడే చెప్పాలి.” మైకు నా చేతిలో పెట్టి, వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నారు. అత్తయ్య ఆయన చొక్కా మీద ఏదో దుమ్ము దులిపింది.

నేనేం మాట్లాడానో సగం గుర్తులేదు. పెనం చీటీ చదివానని గుర్తు. “నా మీద ఏం వేసినా జారిపోతుంది. ఇప్పుడెవరూ ఏమీ వెయ్యడం లేదు. చూడటానికి వస్తున్నారు.” చప్పట్లు కొట్టారు. వెనకెక్కడో డాక్టరుగారు అందరికంటే గట్టిగా కొట్టారు.

తర్వాత ఒక పొద్దున మా ఆయన కూడా ఒడ్డుకి వచ్చారు. ఆఫీసు బూట్లతో వచ్చి, ఇసకలో నాలుగడుగులకొకసారి ఆగి బూట్లు విదిలించుకుంటూ, “ఏం చూడాలి?” అని అడిగారు. “ఏమీ చూడక్కర్లేదు. ఊరికే నడవండి,” అన్నాను. పాపం, ఊరికే ఉండటం ఆయనకి ఎవరూ నేర్పలేదు. కాసేపటికి బూట్లు విప్పేశారు. వెళ్ళేటప్పుడు వాటిని గట్టు మీదే మర్చిపోయి, సగం దారిలో వెనక్కి పరుగెత్తారు. “అవి కూడా తెచ్చి తలంటు పోస్తావనుకున్నా,” అన్నారు రొప్పుతూ.

కొన్నాళ్ళకి మేడమ్ ఇంకో కబురు తెచ్చారు. దూరంగా వేరే తీరంలో ఒక ఇల్లు ఉందట. రాసుకునేవాళ్ళకీ బొమ్మలు చేసుకునేవాళ్ళకీ నెలరోజులు ఉండనిస్తారట. నా వంటింటి ఫోటోలు నన్నడిగే పంపించారు, వాళ్ళు రమ్మన్నారు. అక్కడ గది ఉంటుంది, బల్ల ఉంటుంది, కిటికీలోంచి ఒడ్డు కనిపిస్తుంది, భోజనం వాళ్ళే పెడతారు. చివరి మాట నేను మళ్ళీ చెప్పించుకున్నాను. వాళ్ళే పెడతారా? వాళ్ళే పెడతారు.

ఆ సాయంత్రం అందరూ బల్ల చుట్టూ ఉన్నప్పుడు చెప్పాను. దారంతా ‘వెళ్ళనా?’ అని నేర్చుకుంటూ వచ్చాను. నోరు తెరిస్తే, “నెల రోజులు వెళ్తున్నాను,” అని వచ్చింది.

“నెలా?” అన్నారు మా ఆయన. “వద్దనట్లేదు. కానీ వంట? అమ్మని పొద్దున్నే ఎవరు తీసుకెళ్తారు? బట్టలు? మెషీను ఎలా వెయ్యాలో కూడా నాకు...”

“గుండ్రంగా ఉన్నది తిప్పాలి నాన్నా,” అంది అమ్మాయి. “నాకూ అంతవరకే తెలుసు. మిగతాది ఇద్దరం కలిసి కనిపెడదాం.”

“నన్ను తీసుకెళ్ళడానికి నాకొక కొడుకున్నట్టు గుర్తు,” అంది అత్తయ్య ఎవరినీ చూడకుండా.

ఆయన ప్లేటులో అన్నం కలుపుకుంటూ, “సరే, చూద్దాం. మాడినా తినాలి మరి,” అన్నారు. అది నాకిచ్చిన అనుమతి కాదు, నేనడగలేదు. తనకి తాను చెప్పుకున్నారు.

అయినా రాత్రి భోజనాలయ్యాక అత్తయ్య గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. మనసులో ఒకటి గుచ్చుతోంది. ఆ మూతా ఆ దువ్వెనా ఆ కుర్చీ అన్నీ ఆవిడతో కలిసి కదా. “అత్తయ్యా, మీరు కూడా రండి. గది పెద్దదేనట. నేను అడుగుతాను. సముద్రం అక్కడా ఉంటుంది,” అన్నాను. నిజంగా రమ్మనే పిలిచాను. ఆవిడ కళ్ళు ఒక్కసారి మెరిశాయి. మెల్లిగా కర్ర గోడకి ఆనించి, నా బుగ్గ మీద చెయ్యి పెట్టింది.

“రావాలనే ఉందమ్మాయ్,” అంది. “కానీ నేనొస్తే నువ్వు అక్కడ కూడా కోడలివే అయిపోతావు. ఒక్కదానివే వెళ్ళు.”

నేను ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాను, కొంచెమే. ఆవిడ నా జుట్టు నిమిరి, “మాత్రలు ఎక్కడున్నాయో మాత్రం వాడికి చూపించి వెళ్ళు,” అంది.

వారం తిరక్కుండా బస్టాండులో ఉన్నాను. సంచిలో రెండు కొక్కేలు, ఖాళీ చీటీల కట్ట, నాలుగు జతల బట్టలు. అమ్మాయి, మా ఆయన దింపడానికి వచ్చారు. ఆయన సంచి బరువు చూసి, “అన్నీ పెట్టుకున్నావా?” అని అడిగారు, ఎప్పుడూ నేను అందరినీ అడిగే మాట. నేను వరసలో నిలబడి కిటికీ దగ్గరికొచ్చాను. లోపలున్న మనిషి తల ఎత్తకుండానే, “ఎన్ని టిక్కెట్లమ్మా?” అన్నాడు. నా వేళ్ళు అలవాటుగా లెక్కపెట్టడం మొదలెట్టాయి, ఆయనకొకటి, అత్తయ్యకొకటి, అమ్మాయికొకటి. వేళ్ళు ముడిచేశాను.

“ఒకటి,” అన్నాను. “కిటికీ పక్కది.”